పదిహేనో చిత్రం

"మనిషి చచ్చిపోతే నువ్వొచ్చి కాగితం చూస్తున్నావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పోలిరాజు.

"మనిషిని నువ్వు చూశావు కదా. కాగితాన్నే ఎవరూ చూడలేదు," అంది రాజకుమారి, మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నలభై. దీవుల రేవు పట్టణంలో, గోల్ ఘర్‌లో గణేశ్వరరావు కాంప్లెక్సు. కింద అంతస్తులో సిమెంటు, రెండో అంతస్తులో టైల్సు, మూడో అంతస్తులో శూన్యం. శూన్యం అన్న మాట రాజకుమారిది కాదు, గోడకి అంటించిన కరపత్రానిది. 'నీటికి అవతల: షెన్ యూలాన్ సమకాలీన చైనా సిరా చిత్రాలు' అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద శూన్యం గురించి పద్దెనిమిది వాక్యాలు. హాలు నిండా నల్ల తెరలు, గోడలకి పద్నాలుగు పొడుగాటి కాగితపు చిత్రాలు. ఒక్కోదానికి పైనా కిందా కర్ర. విప్పితే గోడ, చుడితే చంకలో పట్టేంత.

నిన్న సాయంత్రం ఆరున్నరకి ఇదే హాల్లో ఆ చిత్రాల మీద చర్చ జరగాలి. మాట్లాడాల్సిన కళావిమర్శకుడు భానుప్రకాష్ హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆరూ ఐదుకి వెనక మెట్ల కింద శవమై కనిపించాడు. తల వెనక దెబ్బ. పక్కన తొమ్మిదో చిత్రం కింది కర్ర. తొమ్మిదో చిత్రం చిరిగి హాల్లో నేల మీద ఉంది.

తొమ్మిదింటికల్లా పోలిరాజు హంతకుణ్ణి పట్టేశాడు. లక్ష్ముడు. ఫీనిక్స్ బేలో పడవలకి పేర్లు రాసే పెయింటరు. ఈ చిత్రాలకి గోడకి మేకులు కొట్టింది కూడా అతనే. ఇవాళ నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

రాజకుమారి మాత్రం పోలీసు కాదు. ఓడ దిగిన సరుకు పాడైతే ఎక్కడ పాడైందో, ఎవరు పాడు చేశారో తేల్చే సర్వేయరు. పదిహేడేళ్ళుగా తడిసిన బియ్యం, బూజు పట్టిన బట్టలు, వాటి పక్కన నిలబడి ప్రమాణాలు చేసే మనుషులు. చిరిగిన చిత్రానికి బీమా అడిగారని కంపెనీ ఆమెను పంపింది. పోలిరాజు, ఆమె ఒకే బళ్ళో చదువుకున్నారు. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష ఆమె పేపరు చూసి రాసి పాసయ్యాడు. ఆ మేలుకి ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.

"జల్దీ కానీ. నీ చిరుగు కొలుచుకుని బయల్దేరు. మర్డర్ నాది," అన్నాడు.

"హంతకుడు ఎవరో తెలిశాక నీకు తొందరేంటి భయ్యా? నాలుగింటికి కదా కోర్టు."

ఆమె తొమ్మిదో చిత్రాన్ని బోర్లా తిప్పింది. కాగితం వెనక, చుట్టినప్పుడు పైకి వచ్చే చోట, గోధుమరంగులో గుండ్రటి మచ్చ. బత్తాయి పండంత. వంగి వాసన చూసింది. లవంగాలు. లేచి పదో చిత్రం తిప్పింది. అదే చోట అదే మచ్చ. పదకొండో దానికి కూడా అంతే.

"కాస్త మర్యాదగా పట్టుకోండి మేడమ్," అన్న గొంతు వెనక నుంచి వచ్చింది.

పృథ్వీ. ప్రదర్శన నిర్వాహకుడు. అతనూ హైదరాబాదు మనిషే. నల్ల కుర్తా ఇస్త్రీ నలగలేదు, ముఖంలో దుఃఖమూ నలగలేదు.

"ఈ పెట్టెలు ఎప్పుడు తెరిచారు?" అడిగింది రాజకుమారి.

"సోమవారం. బీజింగ్‌లో సీలు వేసినవి. ఇక్కడే, నా చేత్తో తెరిచాను. కాగితాలున్నాయి."

"అంతకు ముందెప్పుడైనా ఈ దీవుల్లోకి వచ్చాయా?"

"షెన్ యూలాన్ కృతులు ఆ దేశం దాటడమే ఇది రెండోసారి. దీవుల్లోకా?" దీవులు అనే మాటని చెప్పులో ఇసుక దులిపినట్టు పలికాడు.

"ఆయన్ని మీరు చూశారా?"

"ఆయన ఎవర్నీ కలవరు. ఏకాంతమే ఆయన మాధ్యమం."

"ఫోను?"

"వాడరు."

"అదృష్టవంతుడు. మరి ఈ మచ్చేమిటి?"

పృథ్వీ వంగి చూశాడు. మచ్చని అతను ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడని రాజకుమారికి అర్థమైంది. అయినా మాట కోసం అతను తడుముకోలేదు. "కాలం వేసిన ముద్ర. పాత కాగితానికి ఉంటుంది. నిజానికి కృతిలో అదీ ఒక భాగమే అని చూడాలి."

"మూడింటికీ ఒకే ఎత్తులో, ఒకే కొలతలో వేసిందే! కాలం టేపు పట్టుకుని తిరుగుతుందా?" అని ఆమె పోలిరాజు వైపు తిరిగింది. "మీ ఇంట్లో బట్టల బీరువాలో ఏముంటుంది?"

"బట్టలు."

"ఇంకా?"

పోలిరాజు కాగితం మీది మచ్చ వైపు తిరిగాడు. "బల్బు," అన్నాడు.

దీవుల్లో సంవత్సరానికి ఎనిమిది నెలలు వాన. బీరువాలో బల్బు వెలగకపోతే పట్టుచీర నెల తిరక్కుండా బూజు కంబళి అవుతుంది. అందుకని ప్రతి ఇంట్లో ఒక బీరువా లోపల నలభై వాట్ల బల్బు రాత్రీ పగలూ వెలుగుతుంది. జరుగుబాటున్న ఇల్లాళ్ళు పురుగు పట్టకుండా నాలుగు లవంగాలు కూడా పడేస్తారు. ఆ బల్బుకి దగ్గరగా నెలల తరబడి పెట్టిన చీర మడత మీద పడే మచ్చ ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టిన వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఈ చిత్రాలు సోమవారం దిగలేదు. కనీసం ఒక వానాకాలం ఇక్కడే, ఎవరిదో బీరువాలో ఉన్నాయి," అంది రాజకుమారి. "బీజింగ్‌లో బీరువాలకి బల్బులు పెడతారా పృథ్వీ గారూ?"

"అది ఫ్రాడ్ కేసు. ఉంటే గింటే తర్వాత చూస్తా," అన్నాడు పోలిరాజు విసుగ్గా. "మర్డర్‌కీ దీనికీ సంబంధం లేదు. నాకు విట్‌నెస్ ఉన్నాడు. ఇదిగో, నీ ఎదురుగానే."

"అయితే విట్‌నెస్ గారు నాకోసం ఇంకోసారి చెప్పొచ్చు కదా."

పృథ్వీ నల్ల తెర పక్కకి లాగాడు. కిటికీ కింద వెనక సందు. "నిన్న ఇక్కడ నిలబడ్డాను. లక్ష్ముడు ఆ మెట్లు దిగి సందులోకి వెళ్ళాడు. కుడిచెయ్యి ఎర్రగా ఉంది. స్పష్టంగా చూశాను."

"టైము?"

"ఐదున్నర. అప్పుడే ఫోను చూసుకున్నాను."

"చీకట్లో చేతికున్న ఎరుపు కనిపించిందా?"

"చీకటేంటి? ఇంకా ఎండ ఉంది. పడమటి వైపు నుంచి నేరుగా వాడి ముఖం మీద పడుతోంది."

పోలిరాజు పైకప్పు వైపు చూస్తున్నాడు. ఎనిమిదో తరగతిలో మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు కూడా అలాగే చూసేవాడు.

"భయ్యా, నిన్న సూర్యుడు ఎన్నింటికి మునిగాడు?"

"నాకేం మాలూమ్? ఐదు, ఐదూ ఐదు."

"డిసెంబర్లో ఇక్కడ ఐదుంబావుకి దీపం పెడతాం. ఐదున్నరకి చిమ్మచీకటి. ఆ సందులో వీధి దీపం దసరాకి ముందు పోయింది, ఇంకా రాలేదు. పాపం ఈయన సోమవారం నుంచీ పొద్దున పదింటికి ఈ నల్ల తెరల్లో దూరి రాత్రి ఎనిమిదింటికి బయటికొస్తున్నారు. సందెవేళ ఒక్కసారీ చూడలేదు. అందుకని హైదరాబాదు సూర్యుణ్ణి తెచ్చి ఇక్కడ అస్తమింపజేశారు."

పృథ్వీ ముఖంలో రంగు మారింది. "టైము పొరపాటయ్యుంటుంది. ఐదింటికి ముందే అయ్యుంటుంది."

"ఐదూ ఇరవైకి భానుప్రకాష్ బతికే ఉన్నాడు. తన ఫోను నుంచి మెసేజ్ పెట్టాడు. ఆ సంగతి ఇన్‌స్పెక్టర్ గారి కాగితాల్లోనే ఉంది."

"ఎవరికో జెరాక్సు వాడికి పెట్టాడు. అందులో ఏముంది?" అన్నాడు పోలిరాజు.

"ఏముందో వెళ్ళి చూశావా?"

చూడలేదని అతని ముఖమే చెప్పింది. పృథ్వీ, "నేనొక ఫోను చేసుకోవాలి," అని బయటికి నడిచాడు. ఆపడానికి రాజకుమారికి అధికారం లేదు. ఆపడానికి పోలిరాజుకి మనసు లేదు.

*

జెరాక్సు షాపు మల్లేశు బల్ల కింద నుంచి ఒక కాగితాల కట్ట తీశాడు. "నలబై కాపీలు దీదీ. ఆరింటికొచ్చి తీసుకుంటానన్నాడు. రాలేదు. పైసలు ముందే ఇచ్చేసినాడు, అందుకని పారెయ్యలేదు."

భానుప్రకాష్ సంచీ వెతికి, అతను చేత్తో రాసుకున్న కాగితాలు హంతకుడు తీసేసి ఉంటాడు. మెట్ల కింద దొరికిన సంచీలో పెన్ను మూత తప్ప ఏమీ లేదు. నలభై కాపీలు మాత్రం వీధి అవతల, రేషన్ కార్డుల జెరాక్సుల కింద భద్రంగా ఉన్నాయి. రాజకుమారి షాపు ముందు నిలబడే చదివింది.

'మన దగ్గర సమకాలీన చైనా చిత్రకళకి రెండే తలుపులు తెరుస్తాం. ఒకటి పొగమంచు, కొండ, వెదురు. రెండోది గాయం, నిరసన, జైలు. ఈ రెండిట్లో ఏ తలుపు నుంచీ రాని చైనా చిత్రకారుడు మన ప్రదర్శనల్లోకి రాలేడు. అక్కడ ఒక ఆమె తన వంటగది సింకుని పదేళ్ళు సిరాతో వేసిందనుకోండి, మనం చూడం. ఆమె మనకి సరిపడినంత చైనా కాదు. చిత్రం చూడకముందే దేశాన్ని చూస్తాం, దేశాన్ని చూడకముందే కరపత్రం చదువుతాం. నేనూ అలాగే చేశాను. ఇరవై ఏళ్ళు దీని మీదే బతికాను కాబట్టి ఈ నిందలో పెద్ద వాటా నాదే.

ఈ హాల్లో ఉన్న పద్నాలుగు చిత్రాల గురించి రెండు మాటలు. సిరా చిత్రంలో ఖాళీ వదిలేసిన చోటు కాదు, వేసిన చోటు. ఆ ఖాళీని ఇంత తెలిసి వేసిన చెయ్యి ఈ మధ్య నా కంట పడలేదు. కానీ ఇందులో పొగమంచు లేదు. ఇది సముద్రం మీద నుంచి ఇటే నడిచొస్తున్న వాన. ఇవి వెదురు కణుపులు కాదు, మడ చెట్ల వేళ్ళు. అవి కూడా ఒడ్డు నుంచి చూసినవి కావు. చిన్న పడవలో కూర్చుంటే కంటికి అందే ఎత్తు నుంచి చూసినవి. ప్రతి కాగితం అడుగున, గోరుతో గీస్తే పోయేంత సన్నగా, సుద్ద దారం కొట్టిన గీత ఉంది. సిరా చిత్రకారుడెవడూ దారం కొట్టడు. పడవ మీద పేరు రాసేవాడు కొడతాడు, అక్షరం వంకర పోకుండా.

కాబట్టి షెన్ యూలాన్ అనే మనిషి లేడు. వీటిని వేసినవాడు మాత్రం ఉన్నాడు. ఇక్కడికి రెండు కిలోమీటర్ల లోపే ఉన్నాడు. అతని పేరుతో ఈ చిత్రాలు వస్తే మనలో ఒక్కరం కూడా మెట్లెక్కి వచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు అతన్ని వేదిక మీదికి పిలుస్తున్నాను. లేచి నిలబడండి. మేకులు కొట్టినందుకు కాదు.'

రాజకుమారి కాగితం మడిచింది. ఇరవై ఏళ్ళు తప్పుగా చూశానని ఒప్పుకున్న మొదటి రోజే ఒక మనిషిని చంపేశారు. అంతకన్నా బాగోలేనిది ఇంకొకటుంది. లోకంలో లక్ష్ముడి పనిని పనిగా చూసింది ఈ మనిషొక్కడే. ఇతన్నే చంపాడని లక్ష్ముణ్ణి లోపలేశారు.

టైము రెండుంబావు.

*

ఠాణాలో పోలిరాజు నిమ్మకాయ టీ తాగుతున్నాడు. బల్ల మీద సగం కోసిన నిమ్మచెక్క. కాగితం రెండుసార్లు చదివాడు. చదవడం అయ్యాక గ్లాసు కింద పెట్టాడు కానీ మాట తగ్గించలేదు.

"టీక్ హై. లక్ష్ముడే వేశాడనుకో. ఇంకా బాగుంది. వీడు బయటపెడతానన్నాడు, వాడు చంపేశాడు. మోటివ్ నువ్వే తెచ్చిచ్చావు, షుక్రియా."

"వేదిక మీదికి పిలిచి దండం పెడతానన్నవాణ్ణి చంపుతాడా?"

"నువ్వు ఖూనీలు చూడలేదు రాజకుమారీ. బియ్యం చూశావు. వాడి బొటనవేలు చూడు ముందు. చిత్రాల మీద ముద్ర కొట్టే చైనా ఎర్రరంగు ఉంది కదా, ఆ డబ్బా హాల్లోంచి మాయమైంది. ఆ రంగు వాడి వేలికుంది, రాత్రి వాణ్ణి హాలుకి తెస్తే పృథ్వీయే చూపించాడు. ఐదున్నరకి ఎక్కడున్నావురా అంటే నోరు విప్పడు."

లక్ష్ముడు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. చేతులకి సంకెళ్ళు. కుడి బొటనవేలు ఎర్రగా ఎండి ఉంది. రాజకుమారి ఎదురుగా కూర్చుని కాగితం చదివి వినిపించింది. అతనికి తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరాలు గీయటం వచ్చు, చదవటం అంతగా రాదు. పడవల మీద ఐదు భాషల్లో రాస్తాడు. ఏ భాషలోనూ ఉత్తరం రాయలేడు.

'లేచి నిలబడండి' దగ్గర లక్ష్ముడు తల దించేసుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు లక్ష్ముడూ?"

లక్ష్ముడు ఎర్రటి వేలు పిడికిట్లో దాచుకున్నాడు.

"చెప్తే దొంగ చిత్రాలు వేసినందుకు జైలు. చెప్పకపోతే ఖూనీకి. ఆ లెక్క చూసుకునేనా నోరు మూసుకున్నావు?"

"అది కాదమ్మా," అన్నాడు.

రాజకుమారి అతని బొటనవేలు పట్టుకుని దగ్గరగా చూసింది. లేచి బల్ల మీద నిమ్మచెక్క తీసుకుంది.

"అరే, నా చాయ్‌లోది అది!" అన్నాడు పోలిరాజు.

ఆమె ముందు తన సంచీలోంచి తొమ్మిదో చిత్రం నుంచి ఊడిన ముక్క తీసింది. దాని మీద షెన్ యూలాన్ ముద్ర ఉంది. రెండు చుక్కలు పిండింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. తర్వాత లక్ష్ముడి బొటనవేలి మీద పిండింది. పోలిరాజు వంగి చూస్తుండగానే ఎరుపు కరిగి, అంచుల నుంచి మొదలై, వేలంతా పచ్చగా తేలింది.

"పసుపు!" అన్నాడు పోలిరాజు.

"పసుపే. సున్నంతో ఎర్రబడింది, నిమ్మరసంతో మళ్ళీ పుట్టింటికొచ్చింది. ఇది చైనా రంగు కాదు, కుంకుమ. బజారు కుంకుమైతే ఇలా మారదు, అదంతా రంగుపొడి. ఇంట్లో పసుపుకొమ్ములు దంచి చేసింది. ఈ ఊళ్ళో ఇప్పటికీ అలా చేసేది నాకు తెలిసి ఒక్కావిడే. నిన్న ఏ వారం?"

"గురువారం."

"మార్గశిరంలో లచ్చింవారం. పోలిరాజూ, మీ ఆవిడక్కూడా కుంకుమ పొట్లం అందే ఉంటుంది. ఊరవతల గరాచర్మ నుంచి."

పోలిరాజు గ్లాసు వైపు చూశాడు. "యర్రమ్మ గారు," అన్నాడు మెల్లగా. గణేశ్వరరావు భార్య.

అప్పుడు లక్ష్ముడు నోరు విప్పాడు. "ఆయమ్మని లాగకండి సాబ్. రెండేళ్ళు నాకు అన్నం పెట్టినాది. ఆయమ్మకేటీ తెల్దు. ఆళ్ళ మేడ మీద కూకోని ఏసీవోణ్ణి. కాయితాలు తడిసిపోతన్నాయని బీరువాలో ఎట్టీది, పిల్లల బట్టలెట్టినట్టు."

"గణేశ్వరరావు, పృథ్వీ వేయించారు," అంది రాజకుమారి.

"నా పేరు మీద నాలుగు బొమ్మలు ఏసి ఒకపాలి అట్టుకెళ్ళినానమ్మా, గణేశ్వరరావు పెద్దబాబు కాడికి. మొకం మీదే నవ్వినాడు. తరవాత పృథ్వీ బాబు వొచ్చి సూసినాడు. బొమ్మలు బాగున్నాయి, మనిసే బాగోనేదు అన్నాడు. ఈటికి చైనా ఓడి పేరెడదాం అన్నాడు. పెట్టినారు. అందరూ వొచ్చి సూసినారు." అతను పచ్చబడిన వేలు చూసుకున్నాడు. "నానే మేకులు కొట్టినాను."

"భానుప్రకాష్ నీ దగ్గరికొచ్చాడు కదూ?"

"నిన్న పొద్దున. జెట్టీ కాడ పడవకి దారం కొడతన్నాను. ఎనకాల నిలబడి ఎంతసేపు సూసినాడో తెల్దు. చైనా ఆయన నువ్వేనా అన్నాడు. దారం ఒగ్గీసి ఎనక్కి జరిగినాను. భయపడకు, తరవాతి బొమ్మ మీద నీ ముద్ర నువ్వే ఎయ్యి అన్నాడు. నాకు ముద్ర నేదు బాబూ అంటే, వేలుంది కదా అన్నాడు."

"వేశావు."

"పదిహేనోది. సాయంత్రం పూర్తయినాది. సందె దీపం ఎట్టినాక ఆయమ్మ టీ అట్టుకొచ్చినాది. ముద్ర రంగు పృథ్వీ బాబు కాడుంటాది. అందుకని, అమ్మా కాసింత కుంకం తడిపి ఇత్తావా అన్నాను. దేవుడి కాడ గిన్నె తెచ్చినాది. ఆయమ్మ ముందరే వేలెట్టినాను." అతను సంకెళ్ళ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అప్పుడే ఆ బాబు ఇక్కడ సచ్చిపోయుంటాడు."

పోలిరాజు కుర్చీలో కదిలాడు. "ఆవిడ చెప్పాలి కదా ఇదంతా. చెప్పదు. చెప్తే మొగుడు లోపలికి పోతాడు. ఇంకా ఆ పదిహేనో బొమ్మేది? బీరువాలో పెట్టిందంటావు. ఆ సంగతి పృథ్వీకి తెలుసా?"

"పృథ్వీ బాబు ఏయమంటేనే కదా ఏసినాను," అన్నాడు లక్ష్ముడు.

రాజకుమారి చేతిలో నిమ్మచెక్క జారి పడింది. పన్నెండు నలభైకి ఆ హాల్లో, తన తెలివి తనకే ముద్దొచ్చి, బీరువా బల్బు గురించి పృథ్వీ ఎదుట ఉపన్యాసం ఇచ్చింది తనే. చిత్రాలు ఎక్కడ దాచారో అతనికి అప్పటిదాకా పట్టింపు లేదు. ఆ మచ్చ బీరువా దగ్గరికి దారి చూపిస్తుందని అతనికి నేర్పింది తనే.

*

గణేశ్వరరావు చెన్నైలో ఉన్నాడు. ఇంటి ఫోను ఏడుసార్లు మోగాక యర్రమ్మ ఎత్తింది. రాజకుమారి స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. మూడూ ఇరవై ఐదు.

"పిన్నీ, నేను రాజకుమారిని. ఇంట్లో ఎవరున్నారు?"

"నువ్వటే? పృథ్వీ బాబొచ్చాడు." గొంతు బాగా తగ్గించింది. "మేడ మీదున్నాడు. బీరువా తాళం అడిగాడు."

"ఇచ్చావా?"

"అడిగితే ఇవ్వనా? దాంతో పాటు అగ్గిపెట్టె అడిగాడు. దేవుడి దగ్గర అగరొత్తి వెలిగించుకుంటాడట. సోమవారం నుంచీ మా ఇంట్లోనే తింటన్నాడు, ఒక్కనాడు దేవుడి గది వైపు తల తిప్పలేదు. లచ్చింవారం ప్రసాదం పెడితే షుగరన్నాడు."

పోలిరాజు లేచి నిలబడ్డాడు.

"పిన్నీ, విను. నిన్న లక్ష్ముడు వేలిముద్ర వేసిన బొమ్మ..."

"లచ్చుడు ఖూనీ చేశాడంటన్నారు, నిజమేనా? ఐదున్నరకి నా ఎదరే ఉన్నాడే! కుంకుమ నేనే తడిపిచ్చాను. రాత్రి నుంచీ మా ఆయనకి చేసి చెప్తన్నాను. నోరు మూసుకో అంటాడు."

"ఆ మాట మేజిస్ట్రేటు ముందు చెప్పాలి. చెప్తే బాబాయి కూడా ఇరుక్కుంటాడు."

"జైలుకెళ్తాడా?"

"వెళ్ళొచ్చు."

అవతల యర్రమ్మ ఫ్యాను కట్టేసిన చప్పుడు.

"లచ్చుడో?"

"ఇప్పటికే లోపలున్నాడు."

"ముప్పై ఏళ్ళు ఈయనకి అన్నీ దాచిపెట్టాను రాజీ," అంది యర్రమ్మ. "ఎండబెట్టి, బూజు పట్టకుండా, లవంగాలేసి. అవి ఎవరి బొమ్మలో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. చెప్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

"ఆ బొమ్మ ఉన్న బీరువా తాళం ఇచ్చేశానన్నావు కదా?"

"బీరువా తాళం ఇచ్చానన్నాను. ఏ బీరువాదో అనలేదు." ఆవిడ గొంతులో కాస్త గర్వం వినపడింది. "మేడ మీద రెండున్నాయి. ఇచ్చింది రగ్గులదానిది. బొమ్మలదాని తాళం నా మొలలో ఉంది. అగ్గిపెట్టె అడిగిన మనిషికి ఏ తాళం ఇవ్వాలో నాకు తెలీదా?"

పోలిరాజుకి నవ్వొచ్చింది. వెంటనే పోయింది. ఫోనులో పైనుంచి ఇనప తలుపు ధడాలున పడ్డ చప్పుడు, ఏదో కింద పడ్డ చప్పుడు.

"రగ్గులు చూసినట్టున్నాడు," అంది యర్రమ్మ.

"పిన్నీ, వీధి తలుపు తీసి బయటికెళ్ళిపో. ఎదురింట్లోకెళ్ళు. ఇప్పుడే!"

"ఎదురిల్లు ఎక్కడుందే, ఇంకా కడుతున్నారు. మేడ మెట్లు వీధి తలుపు దగ్గరే దిగుతాయి."

మెట్ల మీద అడుగులు. తొందర లేదు. ఒక్కో మెట్టూ చూసుకుని దిగుతున్న అడుగులు.

పోలిరాజు టోపీ కోసం చెయ్యి చాచి, ఆగాడు. గోడ గడియారం మూడున్నర. "జీపొకటే ఉంది," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "గరాచర్మ వెళ్తే ఇరవై నిమిషాలు. వీణ్ణి నాలుగింటికి కోర్టులో పెట్టకపోతే నా ఉద్యోగం..."

లక్ష్ముడు గోడ పట్టుకుని లేచాడు. సంకెళ్ళ చేతులు ముందుకి చాచి, పచ్చటి వేలితో బయటి వైపు చూపించాడు.

"మీరు జీపు మీద ఆయమ్మ కాడికెళ్ళండి సాబ్. నన్ను ఆటోలో కోర్టుకి పంపీండి. నానెక్కడికీ పోను." అతను భానుప్రకాష్ కాగితం వైపు తల ఊపాడు. "నానెవుణ్ణో ఇప్పుడు కాయితం మీద ఉంది కదా."

ఫోనులో అడుగులు ఆగిపోయాయి. పృథ్వీ గొంతు, చాలా మర్యాదగా, దగ్గర నుంచి వినపడింది.

"ఆంటీ, ఎవరితో మాట్లాడుతున్నారు?"